దిగుమతుల పోటీలో పని పోయినవారికి ప్రభుత్వ సహాయం

విదేశీ సరుకు చౌకగా వచ్చి పడితే, అదే సరుకును ఇక్కడ తయారుచేసేవారి పని పోతుంది. అలా పని పోయినవారికి కొంతకాలం భృతి ఇవ్వడం, కొత్త పని నేర్పడం, పని దొరికే చోటికి వెళ్లే ఖర్చు భరించడం వంటి ఏర్పాట్లన్నిటినీ కలిపి ‘వాణిజ్య సర్దుబాటు సహాయం’ అంటారు. ఇలాంటి సహాయాన్ని చట్టంలో పెట్టిన దేశం అమెరికా. అది 1962 నాటి మాట. 2007లో ఐరోపా సమాఖ్య ఇలాంటి నిధినే ఏర్పాటు చేసింది. భారతదేశంలో ఆ పేరుతో పథకమేదీ లేదు. సుంకాలు, నాణ్యతా నిబంధనలు, కార్మిక చట్టాలు, ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) భృతి, చేతివృత్తుల పథకాలు తలా కొంత ఆ పని చేస్తున్నాయి. ఇవి ఎక్కడ అతుకుతాయో, ఎక్కడ అతకవో చూడాలంటే అనకాపల్లి జిల్లా మంచి ఉదాహరణ. లక్కబొమ్మల ఏటికొప్పాక, మూతపడిన సహకార చక్కెర మిల్లులు, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం దుస్తుల కర్మాగారాలు అన్నీ ఈ ఒక్క జిల్లాలోనే ఉన్నాయి.

ఎందుకు ప్రత్యేక సహాయం?

దిగుమతుల వల్ల వచ్చే లాభం పప్పుబెల్లాల్లా ఊరందరికీ పంచినట్టుంటుంది. బొమ్మ కొన్న ప్రతి తల్లికీ పది రూపాయలు మిగులుతాయి. నష్టం అలా పంచుకునేది కాదు. బొమ్మలు చేసే ఒకే వీధి మీద మొత్తంగా పడుతుంది. దేశానికి నికరంగా లాభమే మిగిలినా, ఆ వీధిలోని ఇళ్లలో పొయ్యి వెలగదు. లాభపడిన సమాజం తన లాభంలో కొంత తీసి నష్టపోయినవారికి ఇవ్వాలన్నది ఈ సహాయం వెనుక ఉన్న న్యాయం.

దీనికి రాజకీయ కారణం కూడా ఉంది. సుంకాలు తగ్గించే ఒప్పందాలకు కార్మిక సంఘాలు అడ్డుపడకుండా ఉండాలంటే, నష్టపోయేవారికి ముందే ఒక హామీ ఇవ్వాలి. అమెరికాలో ఈ పథకం పుట్టుకకు ఈ రెండు ఆలోచనలూ కారణమే.

అమెరికా: మొదటి ప్రయోగం

1962 అక్టోబరులో అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనడీ వాణిజ్య విస్తరణ చట్టంపై సంతకం చేశారు. సుంకాల తగ్గింపు వల్ల ఉపాధి పోయినవారికి భృతి, శిక్షణ ఇస్తామని ఆ చట్టం చెప్పింది. అయితే ఉపాధి పోవడానికి సుంకాల తగ్గింపే కారణమని రుజువు చేయడం దాదాపు అసాధ్యంగా ఉండేది. దాంతో 1969 వరకు ఒక్క కార్మిక బృందానికి కూడా అర్హత దక్కలేదు. కాగితం మీద ఏడేళ్లు బతికిన హామీ ఒక్క ఇంటి గడపా తొక్కలేదు.

1974 చట్టం ఆ పట్టు సడలించింది. పెరిగిన దిగుమతులు ముఖ్య కారణాల్లో ఒకటైతే చాలని చెప్పింది. ముగ్గురు కార్మికులు కలిసి దరఖాస్తు పెట్టుకునే వీలుండేది. వారి తరఫున సంఘమైనా పెట్టగలిగేది. కార్మిక శాఖ విచారణ జరిపి అర్హత పత్రం ఇచ్చేది. అది చేతికొచ్చాక శిక్షణ ఖర్చు, శిక్షణ కాలంలో భృతి, ఉద్యోగాన్వేషణకు, ఇల్లు మారడానికి కొంత సొమ్ము అందేవి. 1980లో జపాన్ కార్ల పోటీకి అమెరికా కార్ల కర్మాగారాలు కుదేలైనప్పుడు ఒక్క ఏడాదిలో సుమారు 160 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. మరుసటి ఏడాదే రీగన్ ప్రభుత్వం నిబంధనలు బిగించింది.

2002లో పెద్ద మార్పులు వచ్చాయి. వయసు 50 దాటినవారు తక్కువ జీతానికి మరో పనిలో చేరితే, పాత జీతానికీ కొత్త జీతానికీ ఉన్న తేడాలో సగం ప్రభుత్వం ఇచ్చే ‘వేతన బీమా’ అప్పుడే మొదలైంది. రైతులకు, మత్స్యకారులకు కూడా విడిగా ఒక పథకం వచ్చింది. 2009లో సేవారంగాన్ని కలిపారు. అంతవరకు వస్తువులు తయారుచేసేవారికే వర్తించిన చట్టం, హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాలకు పని తరలిపోయి ఉద్యోగం పోగొట్టుకున్న అమెరికన్ కంప్యూటర్ ఉద్యోగికి కూడా అప్పటినుంచి వర్తించింది.

ఈ కథలో ఆంధ్ర తీరానికీ పాత్ర ఉంది. అమెరికా దక్షిణ తీరంలో రొయ్యలు పట్టేవారు ఆసియా చెరువుల రొయ్యల ధరతో పోటీపడలేక ఫిర్యాదు చేశారు. 2005లో భారత్‌తో పాటు మరో ఐదు దేశాల రొయ్యలపై అమెరికా యాంటీ డంపింగ్ సుంకం (మరీ చౌకగా తెచ్చి కుమ్మరించే సరుకుపై వేసే సుంకం) వేసింది. దేశంలో రొయ్యల సాగులో ముందున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ కాబట్టి ఆ దెబ్బ ఇక్కడి చెరువు గట్ల మీదా పడింది. అక్కడి రొయ్యల వేటగాళ్లకు మాత్రం రైతుల పథకం కింద శిక్షణ, నగదు సాయం కూడా అందాయి. భీమవరం రైతు పెంచిన రొయ్య లూసియానా మత్స్యకారుడి జీవనాన్ని కదిలిస్తే, అక్కడి ప్రభుత్వం సుంకంతో ఆగకుండా ఆ మనిషి దాకా వెళ్లింది.

అయినా పథకంపై విమర్శలు తగ్గలేదు. కార్మిక సంఘాలే దాన్ని ‘సమాధి ఖర్చుల బీమా’ అన్నాయి. చైనా దిగుమతులు అమెరికా పట్టణాలపై చూపిన ప్రభావాన్ని లెక్కగట్టి 2013లో డేవిడ్ ఆటర్, డేవిడ్ డోర్న్, గార్డన్ హాన్సన్ ప్రచురించిన అధ్యయనం ఇంకో సంగతి బయటపెట్టింది. దెబ్బతిన్న ప్రాంతాలకు ఈ పథకం ద్వారా చేరిన సొమ్ము చాలా స్వల్పం. వైకల్య పింఛన్లు, వైద్య సాయం వంటి సాధారణ పథకాల ద్వారా చేరినదే ఎక్కువ. కాలపరిమితిని కాంగ్రెస్ పొడిగించకపోవడంతో 2022 జులై 1 నుంచి కొత్త దరఖాస్తులకు అర్హత ఇవ్వడం ఆగిపోయింది. అరవై ఏళ్ల ప్రయోగం అక్కడ నిలిచిపోయింది.

ఐరోపా: కారణం అడగడం మానేసిన నిధి

ఐరోపా సమాఖ్య 2007లో ప్రారంభించిన సర్దుబాటు నిధి దారి వేరు. డబ్బు నేరుగా కార్మికుడికి వెళ్లదు. సభ్యదేశం తన కార్మికుల కోసం శిక్షణ, సలహా, స్వయం ఉపాధి కార్యక్రమం రూపొందించి దరఖాస్తు చేస్తే, ఖర్చులో ఎక్కువ భాగాన్ని నిధి భరిస్తుంది. మొదట్లో ఒకేచోట వెయ్యి మంది ఉపాధి కోల్పోతేనే అర్హత. పైగా ప్రపంచ వాణిజ్యంలో వచ్చిన మార్పే కారణమని చూపాలి.

ఆ గీత మెల్లగా కిందికి దిగింది. 2009లో 500 మందికి, 2021లో 200 మందికి తగ్గింది. అసలు మార్పు 2021లోనే వచ్చింది. దిగుమతులా, యంత్రాలా, పర్యావరణ నిబంధనలా అన్న ప్రశ్నను నిధి వదిలేసింది. పెద్దసంఖ్యలో ఉపాధి పోతే చాలు, సహాయం చేయవచ్చు. సొంతంగా పని చేసుకునేవారు కూడా అర్హులే. అమెరికాలో ఏడేళ్లపాటు ఒక్కరికీ దక్కని సాయానికి అడ్డుపడింది ఆ రుజువే. ఐరోపా దాన్ని వదులుకోవడానికి పద్నాలుగేళ్లు పట్టింది.

భారతదేశం: ముందుగా సరుకుకు రక్షణ

భారత ప్రభుత్వం దిగుమతుల పోటీని ముఖ్యంగా సుంకాలతో ఎదుర్కొంటుంది. 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం కింద రక్షణ సుంకం, యాంటీ డంపింగ్ సుంకం వేసే అధికారం ఉంది. ఫిర్యాదుల విచారణకు 2018లో వాణిజ్య మంత్రిత్వ శాఖ కింద వాణిజ్య పరిహారాల డైరెక్టరేట్ జనరల్ ఏర్పడింది. ఫిర్యాదు చేయాల్సింది ఉత్పత్తిదారులు. ఉపాధి తగ్గడం నష్టానికి ఒక సూచికగా ఆ విచారణలో లెక్కకొస్తుంది. అయితే వసూలైన సుంకం ఖజానాకు చేరుతుందే తప్ప పని పోయిన మనిషికి కాదు.

ఒకరికి రక్షణ అయిన సుంకం ఇంకొకరికి బరువు కావడం తెలుగు నేల మీద చాలాసార్లు కనిపించింది. చైనా ముడిపట్టుపై 2003లో యాంటీ డంపింగ్ సుంకం పడితే హిందూపురం గూళ్ల మార్కెట్‌కు వచ్చే పట్టురైతుకు ఊరట. అదే నూలు కొనే ధర్మవరం నేతగాడికి మగ్గం మీద ఖర్చు పెరిగింది. జీడిపప్పు దిగుమతికి కేంద్రం 2019 జూన్‌లో కనీస ధర పెంచింది. పలాస జీడి కర్మాగారాలకు అది అండ. అవే కర్మాగారాలు ఆఫ్రికా నుంచి వచ్చే ముడి జీడిగింజల మీదా ఆధారపడతాయి. దిగుమతి వచ్చినా రాకపోయినా ఎవరో ఒకరి పని కదులుతూనే ఉంటుంది.

మందుల ముడిసరుకులో చైనా మీద ఆధారపడటాన్ని తగ్గించేందుకు కేంద్రం 2020లో రూ.6,940 కోట్లతో ఉత్పత్తి ప్రోత్సాహక పథకం ప్రకటించింది. అనకాపల్లి జిల్లా నక్కపల్లి వద్ద బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. పోయిన పరిశ్రమను తిరిగి రప్పించే ప్రయత్నమిది. ఒకప్పుడు ఆ పరిశ్రమలో పనిచేసి పని కోల్పోయిన తరానికి మాత్రం ఇందులో వాటా లేదు.

మనిషి దాకా వచ్చేది ఎంత?

2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం, తొలగించిన కార్మికుడికి పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాల్సి ఉండేది. అప్పటివరకే ఉన్న 1972 గ్రాట్యుటీ చట్టం మరో పదిహేను రోజుల లెక్క చెప్పేది. ఈ రెండూ యాజమాన్యం ఇవ్వాల్సినవే. దిగుమతుల ధాటికి దివాలా తీసిన యజమాని దగ్గర ఇవ్వడానికి ఏం మిగులుతుందన్నదే అసలు చిక్కు.

ప్రభుత్వమే నేరుగా ముందుకొచ్చిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. 1986 సెప్టెంబరు 15 నుంచి అమలైన జౌళి కార్మికుల పునరావాస నిధి పథకం మూతపడిన మిల్లుల కార్మికులకు మొదటి ఏడాది వేతనంలో 75 శాతం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 25 శాతం ఇచ్చేది. మెల్లగా తగ్గుతూ, కొత్త పని వెతుక్కోవడానికి మూడేళ్ల వ్యవధి ఇచ్చే మంచి ఆలోచన అది. 2017 ఏప్రిల్ నుంచి దాన్ని ఈఎస్‌ఐ భృతి పథకంలో కలిపేశారు.

1991 సంస్కరణల తర్వాత 1992 ఫిబ్రవరిలో జాతీయ పునరుద్ధరణ నిధి వచ్చింది. ఆశయం పెద్దది: మారుతున్న ఆర్థిక వ్యవస్థలో నలిగిపోయే కార్మికులకు కొత్త నైపుణ్యం, కొత్త ఉపాధి. ఆచరణలో సొమ్ములో అధికభాగం ప్రభుత్వరంగ సంస్థల్లో స్వచ్ఛంద పదవీ విరమణ చెల్లింపులకే పోయింది. శిక్షణకు మిగిలింది కొంచెమే. 2000 జులైలో నిధి రద్దయింది. ఆ కాలంలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన సంస్థలను మూసివేస్తూ, అమ్మేస్తూ, బయటపడ్డ ఉద్యోగుల కోసం బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఒక సామాజిక భద్రతా కార్యక్రమం నడిపింది.

ఇప్పుడు అందుబాటులో ఉన్నవి ముఖ్యంగా రెండు ఈఎస్‌ఐ పథకాలు. 2005 ఏప్రిల్‌లో మొదలైన రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన, కర్మాగారం మూతపడినా, ఉద్యోగం నుంచి తొలగించినా వేతనంలో సగం వరకు గరిష్ఠంగా 24 నెలలు ఇస్తుంది. 2018 జులైలో వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన 90 రోజుల ఊరట. మొదట్లో వేతనంలో 25 శాతం, కరోనా కాలంలో 50 శాతానికి పెంచారు. పని పోవడానికి దిగుమతులే కారణమా అని రెండూ అడగవు. కానీ ఈఎస్‌ఐలో పేరుండాలి, తగినన్నాళ్లు చందా కట్టి ఉండాలి. నెల జీతం రూ.21,000 దాటకూడదు. అచ్యుతాపురం దుస్తుల కర్మాగారంలో కుట్టుపని చేసే అమ్మాయి ఈ గొడుగు కిందికి వస్తుంది. ఊళ్లో ఇంటి వసారాలో బొమ్మ చెక్కే మనిషి రాడు.

ఏటికొప్పాక: వరాహ ఒడ్డున పోటీ

ఎలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో తరతరాలుగా లక్కబొమ్మలు చేస్తున్నారు. మెత్తని అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ ఉలితో రూపమిస్తారు. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్కను నొక్కిపెడితే, రాపిడి వేడికి లక్క కరిగి బొమ్మకు అంటుకుంటుంది. బొంగరాలు, లక్కపిడతలు, కుంకుమ భరిణలు ఈ చేతుల్లోంచే వచ్చాయి.

ఈ బొమ్మకు పోటీ రెండు రకాలుగా వచ్చింది. మొదట ప్లాస్టిక్, తర్వాత తిరునాళ్లలో, రైల్వే స్టేషన్లలో గుట్టలుగా పోసి అమ్మే చైనా బొమ్మ. అంకుడు కర్ర దొరకడమే కష్టమవుతున్న సమయంలో ఆ ధరకు బొమ్మ చేయడం ఇక్కడివారి వల్ల కాని పని. ఊరివారైన సి.వి. రాజు రసాయన రంగులు మాన్పించి గింజలు, బెరళ్లు, వేళ్ల నుంచి తీసిన సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చారు. పసిపిల్లలు నోట్లో పెట్టుకున్నా ప్రమాదం లేని బొమ్మ అన్న పేరు ఏటికొప్పాకకు అలా దక్కింది. ధరలో గెలవలేని చోట నాణ్యతతో నిలబడే దారి అది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టు 30న ‘మన్ కీ బాత్’లో ప్రధాని ఈ ఊరిని ప్రస్తావించారు. 2023లో రాజుకు పద్మశ్రీ లభించింది.

కేంద్ర విధానమూ ఆ కాలంలోనే మారింది. 2020 ఫిబ్రవరిలో బొమ్మలపై దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు లేని బొమ్మ అమ్మకూడదన్న ఉత్తర్వు అమల్లోకి వచ్చింది. ఫలితం అంకెల్లో కనిపించింది: 2018-19లో సుమారు 37 కోట్ల డాలర్ల విలువైన బొమ్మలు దిగుమతి కాగా, 2021-22లో 11 కోట్ల డాలర్లకు పడిపోయాయి.

అయితే ఆ నాణ్యతా ఉత్తర్వు మొదట చైనా కర్మాగారానికీ ఏటికొప్పాక వసారాకీ ఒకే కొలత పెట్టింది. పరీక్షాశాల, ధ్రువపత్రం, రుసుములు పది బొమ్మలు చేసుకునే కుటుంబం భరించగలిగేవి కావు. అభ్యంతరాలు రావడంతో 2020 డిసెంబరులో, ఉత్తర్వు అమలుకు కొద్ది రోజుల ముందు, హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులకు, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. రక్షించడానికి కట్టిన గోడ కింద రక్షించాల్సినవారే నలిగిపోయే ప్రమాదం అలా తప్పింది.

ఇక్కడి కళాకారుడికి నేరుగా అందే సాయం 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ఉంది. 18 వృత్తుల జాబితాలో సంప్రదాయ బొమ్మల తయారీ ఒకటి. శిక్షణ రోజుకు రూ.500 భృతి, పనిముట్లకు రూ.15,000, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల వరకు రుణం ఇస్తారు. వృత్తిలో నిలబడాలనుకునేవారికి ఇది అండ. ఇప్పటికే ఉలి పక్కన పెట్టి విశాఖలో కూలికి వెళ్లినవారిని వెతికి పట్టుకునే ఏర్పాటు మాత్రం ఇందులో లేదు.

దిగుమతి కారణం కానప్పుడు

అదే జిల్లాలో చక్కెర కథ వేరు. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ సహకార చక్కెర మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 2018 ఫిబ్రవరి నుంచి చక్కెరపై దిగుమతి సుంకం 100 శాతం ఉంది. అంటే విదేశీ చక్కెర గుమ్మంలోకి రావడమే కష్టం. పాత యంత్రాలు, అప్పులు, తగ్గిన చెరకు సాగు ఈ మిల్లులను ముంచాయి. అమెరికా పద్ధతిలో చూస్తే తుమ్మపాల కార్మికుడికి రూపాయి దక్కదు. అతని ఇంట్లో లోటు మాత్రం దిగుమతి వల్ల పని పోయినవాడి ఇంట్లో లోటు కంటే తక్కువేమీ కాదు.

ఉమ్మడి విశాఖ జిల్లాలోని చిట్టివలస జూట్ మిల్లు మరో రకం ఉదాహరణ. పంతొమ్మిదో శతాబ్దంలో పుట్టిన ఆ మిల్లు 2009లో లాకౌట్ అయింది. ప్లాస్టిక్ సంచులు, ముడిసరుకు ధర, యాజమాన్య సమస్యలు, కార్మిక వివాదాలు ఒకదానిలో ఒకటి చిక్కుపడినప్పుడు ఏ ఒక్కదాన్ని కారణమనాలి? ఆహారధాన్యాలను గోనెసంచుల్లోనే నింపాలన్న 1987 చట్టం ఈ పరిశ్రమకు దన్ను. బంగ్లాదేశ్, నేపాల్ జనపనార సరుకుపై 2017 జనవరిలో కేంద్రం యాంటీ డంపింగ్ సుంకం వేసింది. అప్పటికి చిట్టివలస గేటుకు తాళం పడి దాదాపు ఎనిమిదేళ్లు. బకాయిల కోసం కార్మికులు ఏళ్ల తరబడి గేటు ముందు, కార్యాలయాల ముందు నిలబడ్డారు.

కొత్త చట్టం, పాత ఖాళీ

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి మొదటిసారిగా ‘పునర్నైపుణ్య నిధి’ని చట్టంలోకి తెచ్చింది. తొలగించిన ప్రతి కార్మికుడికీ యాజమాన్యం పదిహేను రోజుల వేతనం ఈ నిధికి కట్టాలి. 45 రోజుల్లో అది కార్మికుడి ఖాతాకు చేరాలి. ఇది తొలగింపు పరిహారానికి అదనం. అదే స్మృతి, మూసివేతకు ముందస్తు అనుమతి తీసుకోవాల్సిన సంస్థల గీతను 100 మంది నుంచి 300 మందికి పెంచింది. ఒక చేత్తో తలుపు వెడల్పు చేసి, మరో చేత్తో బయటికి వెళ్లేవారికి దారి ఖర్చు ఇచ్చినట్టయింది.

కారణం అడగకపోవడంలో ఈ నిధి ఐరోపా పక్కన నిలుస్తుంది. పరిమాణంలో మాత్రం పోలిక లేదు. అమెరికా పథకం చివరి ఏళ్లలో శిక్షణలో ఉన్న కార్మికుడికి గరిష్ఠంగా 130 వారాల వరకు భృతి దొరికేది. ఇక్కడ నెలకు రూ.15,000 సంపాదించే పరవాడ కార్మికుడికి ఈ నిధి నుంచి వచ్చేది సుమారు సగం నెల జీతం. కొత్త పని నేర్చుకునేందుకు ఐటీఐలో చేరితే ఆ కోర్సు ఒకటి, రెండేళ్లది. ఆ మధ్య కాలానికి ఈఎస్‌ఐ భృతిని, శిక్షణను ఒకే దరఖాస్తుతో ముడిపెడితే ఉన్న సొమ్ముతోనే మరింత మేలు జరుగుతుంది. ఇప్పుడు భృతికి ఒక కార్యాలయం, శిక్షణకు మరొకటి, పరిహార వివాదానికి కార్మిక శాఖ అన్నట్టుంది.

ఏటికొప్పాక బొమ్మల కళాకారుడికి ఈ నిధి వర్తించదు. అతన్ని తొలగించే యజమాని లేడు, తొలగింపు ఉత్తర్వు రాదు, కాబట్టి పదిహేను రోజుల లెక్క మొదలే కాదు. పని పోయిన రోజు ఏదని అడిగితే, చివరి ఆర్డరు వచ్చిన తేదీ ఒక్కటే అతను చూపించగలడు.